నడకలో నైజం, నాట్యంలో స్వాస్థ్యం



మన పాకాల రైల్వే జంక్షనులో కాట్పాడి నుండి తిరుపతికి పోయే దారి, ధర్మవరం వైపు పోయే దారి కలుసుకుంటాయి. సాయంకాలం రైలు వచ్చినప్పుడు దూరంగా, ప్లాట్‌ఫారం చివర దిగిన మనిషి ముఖం మనకు కనబడదు. అయినా ‘అదిగో మా చిన్నాన్న వస్తున్నాడు’ అని పిల్లలు పరుగెత్తుతారు. ముఖం కన్న ముందు నడక మనిషిని పట్టి ఇస్తుంది. ఈ సంగతి మన భాషకు ఏనాడో తెలుసు. కాళ్ళతో చేసేది నడక. జీవితంతో చేసేది నడత, నడవడి. రెండింటికీ ధాతువు ఒకటే.

మనిషి నైజానికీ, దేహం కదిలే తీరుకూ ఉన్న సంబంధం ఎట్టిది? ఆ సంబంధాన్ని ఆసరాగా చేసుకొని నృత్యంతో మనస్సుకు స్వస్థత చేకూర్చవచ్చునా? నేను బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినదానను. చిన్ననాట కొంత నాట్యం నేర్చుకున్నాను. ఉద్యోగ విరమణ తరువాత బెంగుళూరులో నృత్య చలన చికిత్సపై జరిగిన ఒక శిక్షణా తరగతికి వెళ్ళివచ్చాను. అప్పటి నుండి మన ఊరి పిల్లలకూ, స్త్రీలకూ కోలాటం నేర్పుతున్నాను. వైద్యురాలను కాను. చదివినదీ, చూచినదీ, చేసిన పొరపాటు ఒకటీ మీ ముందు ఉంచుతున్నాను. ఆ పొరపాటు కోసమే ఈ వ్యాసం వ్రాస్తున్నానన్నా తప్పు లేదు.

భరతముని చెప్పిన గతులు

నాట్యశాస్త్రంలో గతిప్రచారమనే అధ్యాయం ఒకటి ఉన్నది. రంగస్థలంపై ఏ పాత్ర ఎట్లు నడవాలో అందులో భరతముని వివరించాడు. పాత్రలను ఆయన ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులుగా విభజించాడు. ఉత్తమ పాత్ర అడుగుకూ అడుగుకూ నడుమ నాలుగు తాళాల దూరం ఉండాలి. మధ్యమ పాత్రకు రెండు తాళాలు, అధమ పాత్రకు ఒక తాళం. ఇక్కడ తాళమంటే వాయించే తాళం కాదు. బొటనవ్రేలినీ మధ్యవ్రేలినీ చాచినప్పుడు వచ్చే జానెడు వంటి కొలత. కాలం కూడ అదే వరుసలో నాలుగు కళలు, రెండు కళలు, ఒక కళ. అనగా గంభీరమైన మనస్సు గలవాడు పెద్ద అడుగు వేస్తాడు, నిదానంగా వేస్తాడు. తేలిక మనస్సు గలవాడు చిన్న అడుగులతో త్వరత్వరగా పోతాడు.

ఇందులో ఆనాటి సాంఘిక అంతస్తుల ఛాయ ఉన్నమాట నిజమే. రాజునకు పెద్ద అడుగు, సేవకునకు చిన్న అడుగు అనే లెక్కను నేడు మనం యథాతథంగా తీసుకోనవసరం లేదు. తీసుకోవలసినది దాని వెనుకనున్న గమనిక. మనస్సు పొంకం అడుగు కొలతలోనూ, కాలంలోనూ వ్యక్తమవుతుందన్నది ఆ గమనిక.

అయితే ఆ అధ్యాయం అక్కడితో ముగియదు. ప్రకృతిని బట్టి నడక చెప్పిన భరతుడు, ఆ వెనుక రసాన్ని బట్టి నడక చెప్పాడు. శోకంలో ఉన్నవాని అడుగు సడలుతుంది, అవయవాలు వ్రేలాడతాయి. భయపడినవాడు గబగబ అడుగులు వేస్తూ కన్నులు పెద్దవి చేసి చూస్తాడు. అంతటితో ఆగక చీకటిలో పోయేవాడు, చూపు లేనివాడు, ముసలివాడు, రోగి, మత్తులో ఉన్నవాడు ఎట్లు నడుస్తారో కూడ చెప్పాడు. చీకటిలో నడిచేవాని పాదం నేలను తడుముకొంటుంది, చేయి దారిని వెదకుతుంది.

అంటే ఒక మనిషి నడకలో మూడు సంగతులు కలసి ఉంటాయి. మొదటిది వాని నైజం. రెండవది ఆ సమయానికి మనస్సులో ఉన్న భావం. మూడవది దేహానికి ఉన్న శక్తి, కొరత. ఈ మూడింటినీ వేరుచేసి చూడగలవాడే నడకను చదవగలవాడు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని ప్రార్థన. నేను దీనిని మరచాను.

ఆయుర్వేద దృష్టి

చరక సంహితలోని విమానస్థానం మనుష్యుల వాత, పిత్త, కఫ ప్రకృతులను వర్ణించింది. వాత ప్రకృతి గలవారి నడక తేలిక, చంచలం. పనిని వెంటనే ఆరంభిస్తారు. కదిలేటప్పుడు కీళ్ళు చప్పుడు చేస్తాయి. కఫ ప్రకృతి గలవారు ఆలస్యంగా ఆరంభిస్తారు గాని, వారి అడుగు నేలపై నిలకడగా, పూర్తిగా ఆనుతుంది. పిత్త ప్రకృతి వారిలో తీక్ష్ణత ఎక్కువ. వేడిని ఓర్వలేరు. మన ఇళ్ళలో పెద్దలు ‘వీడు గాలి మనిషి, ఒకచోట నిలువడు’ అని అనడంలో ఈ శాస్త్రపు ఛాయయే ఉన్నది.

చరకుడు ఇంకొక మాట కూడ చెప్పాడు. ఈ ప్రకృతులు అందరిలోనూ విడివిడిగా ఉండవు. రెండేసి కలసినవారూ ఉంటారు, అన్నీ సమంగా ఉన్నవారూ ఉంటారు. కాబట్టి మనుష్యులను మూడు గంపలలోనికి విడదీసి పోయడం శాస్త్రం ఉద్దేశం కాదు. ఎవరికి ఏది హితమో తెలుసుకొనడమే ఉద్దేశం.

వీధినాటకంలో భీముడు

శాస్త్రం చదువుకోని పల్లెలలో కూడ ఈ విద్య ఉన్నది. మన చిత్తూరు, తిరుపతి సీమలో ధర్మరాజుల గుడుల వద్ద ఎండకాలంలో భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకనాడు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరలో దుర్యోధన వధ, నిప్పుల గుండం. నా చిన్నతనంలో ఈ నాటకాలు తెల్లవార్లూ చూచేదానను. ఇద్దరు మనుష్యులు పట్టుకొన్న తెర వెనుక పాత్ర నిలబడుతుంది. ముఖం కనబడదు. తెర క్రింద పాదాలు మాత్రమే కనబడతాయి, గజ్జెలు వినబడతాయి. అయినా జనానికి తెలిసిపోతుంది. నేల అదిరేటట్లు త్రొక్కితే భీముడు. అడుగు వేయడానికి కూడ ఆలోచిస్తున్నట్లు నిలిస్తే ధర్మరాజు. పక్కలకు ఊగుతూ, విర్రవీగుతూ వస్తే దుర్యోధనుడు.

ఆ భీముని వేషం కట్టినవాడు పగటిపూట మెల్లగా, సిగ్గుగా నడిచే ఒక రైతు. కిరీటం, భుజకీర్తులు పెట్టగానే అతని అడుగు మారుతుంది. ఉత్సవం ముగిసి పది దినాలైనా అతడు కొంచెం నిటారుగానే నడిచేవాడని మా నాయనమ్మ నవ్వుతూ అనేది.

కూచిపూడి సంప్రదాయంలో దీనికి పెద్ద ఉదాహరణ ఉన్నది. సిద్ధేంద్ర యోగి పేర వెలసిన భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నుండి మొదట తన జడను చూపుతూ ప్రవేశిస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) పురుషులై ఉండి ఆ సత్యభామ పాత్రకు దేశమంతటా కీర్తి గడించారు. స్వంత నడకను ప్రక్కన పెట్టి, ఇంకొక స్వభావపు నడకను ఎముకలలోనికి ఎక్కించుకొనడం మనిషికి సాధ్యమేనని వారి అభినయం చాటింది.

మన కోలాటానికి కూడ పాత వేరే ఉన్నది. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో సగం మార్గ నృత్తానికి, సగం దేశి నృత్తాలకు కేటాయించాడు. కర్రలు పట్టి ఆడే దండరాసకం ఆ దేశి నృత్తాలలో ఒకటి. దేవాలయ వీథులలో మన స్త్రీలు నేడు ఆడే కోలాటం దానికి బంధువే.

పాశ్చాత్యులు కనుగొన్నది

పాశ్చాత్య దేశాలలో ఈ విచారం వేరొక దారిని వచ్చింది. స్విట్జర్లాండు దేశపు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మానసిక స్వభావాలపై ఒక గ్రంథం ప్రకటించాడు. మనుష్యులలో అంతర్ముఖులు, బహిర్ముఖులు ఉన్నారనీ, ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, అంతఃస్ఫురణ అనే నాలుగు వ్యాపారాలలో ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి ముందుంటుందనీ అతని సిద్ధాంతం.

రుడాల్ఫ్ లాబాన్ (1879–1958) అనే నృత్యాచార్యుడు దేహ చలనాన్ని నాలుగు అంశాలుగా విడదీశాడు. కదలికలోని బరువు, దిశ, కాలం, ప్రవాహం. అడుగు గట్టిగా పడుతున్నదా, తేలికగా పడుతున్నదా? సూటిగా పోతున్నదా, చుట్టి పోతున్నదా? ఉన్నట్లుండి వస్తున్నదా, సాగుతూ వస్తున్నదా? అదుపులో బిగిసి ఉన్నదా, వదలి ప్రవహిస్తున్నదా? తరువాత లాబాన్ ఈ నాలుగింటిని యూంగ్ చెప్పిన నాలుగు వ్యాపారాలతో జతపరిచాడు. బరువు ఇంద్రియజ్ఞానానికి, దిశ ఆలోచనకు, కాలం అంతఃస్ఫురణకు, ప్రవాహం అనుభూతికి చెందుతాయని అతని అభిప్రాయం. నేటి నృత్య చికిత్సకులలో పలువురు దేహాన్ని గమనించడానికి వాడే కొలతలు ఇవే.

చికిత్సగా నృత్యాన్ని వాడినవారిలో మేరియన్ ఛేస్ పేరు ముందు చెప్పాలి. ఆమె నర్తకి. 1942లో అమెరికా రాజధాని వాషింగ్టనులోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో పని ఆరంభించింది. మాటలు మానేసిన రోగులను వలయంగా నిలిపేది. ఒకరు చేతిని కొంచెం కదిపితే ఆమె తానూ అట్లే కదిపేది. ‘నిన్ను చూచాను, నీవు చెప్పినది నాకు అందింది’ అని దేహంతో చెప్పడమన్నమాట. 1966లో అమెరికాలో నృత్య చికిత్సకుల సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమెయే. వలయం, ఒకరి కదలికకు మరొకరు జవాబు చెప్పడం అనే ఈ రెండూ చదువుతున్నప్పుడు నా మనస్సులో మెదిలినది కోలాటమే.

పరిశోధనలు ఏమంటున్నవి?

నడకకూ, నైజానికీ సంబంధం ఉన్నదన్న మాటను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 1973లో స్వీడన్ దేశపు యోహాన్సన్, మనిషి కీళ్ళకు చిన్న దీపాలు కట్టి చీకటిలో నడిపించాడు. చూచేవారికి చుక్కలు మాత్రమే కనబడినా, అవి కదలగానే ‘మనిషి నడుస్తున్నాడు’ అని గుర్తించారు. 1977లో జరిగిన మరొక ప్రయోగంలో అట్టి చుక్కలను బట్టి స్నేహితుల నడకను కూడ కొంతమేరకు పోల్చుకొన్నారు. మన పాకాల ప్లాట్‌ఫారం మీది పిల్లల మాట నిజమేనన్నమాట.

2010లో ఫిన్‌లాండులో 60 మందిని సంగీతానికి ఇష్టం వచ్చినట్లు ఆడనిచ్చి వారి చలనాలను కొలిచారు. బహిర్ముఖుల చేతులు, తల ఎక్కువ వేగంగా కదిలాయి. ఆందోళన స్వభావం గలవారి కదలికలో కుదుపులు ఎక్కువ. కాబట్టి నైజం కదలికలో కొంత కనబడుతుంది.

కాని 2012లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను నిలువునా ఆపింది. చుక్కల రూపంలో నడకలను చూపి, ‘ఈ మనిషి స్వభావం ఎట్టిది?’ అని అడిగారు. చూచినవారి తీర్పులు ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. కాని ఆ నడిచినవారు తమ స్వభావం గురించి ఇచ్చిన సమాధానాలతో మాత్రం కలవలేదు. పదిమంది ఒకే మాట అన్నంత మాత్రాన అది నిజం కాదన్నమాట. అందరమూ కలసి ఒకే విధంగా పొరబడగలము.

నేను చేసిన పొరపాటు

కొన్నేండ్ల క్రిందట మా కోలాట బృందంలో పదకొండేండ్ల పాప ఒకతె చేరింది. ఆమె పేరు ఇక్కడ చెప్పను. చిన్న చిన్న అడుగులు. చూపు ఎప్పుడూ ఎదుటివారి కర్రల మీదనే. అందరి కర్రలు తగిలిన తరువాత అర క్షణానికి ఆమె కర్ర తగిలేది. పిలిస్తే వెంటనే పలికేది కాదు. శిక్షణా తరగతి నుండి కొత్తగా వచ్చిన ఉత్సాహంలో ఉన్నాను. అందరి నడకలూ చదివేయగలనన్న ధీమా. తల్లి ఎదుట, తోటి పిల్లల ఎదుట ‘ఈ పాపది మంద ప్రకృతి. నెమ్మదిగా ఉంటుంది, వేగం రాదు’ అని తీర్మానించాను. తిట్టలేదు. ప్రేమగానే అన్నాను. వెనుక వరుసకు మార్చి, హారతి పళ్ళెం పట్టుకొనే పని ఇచ్చాను. మిగిలిన స్త్రీలు కూడ ‘అవును, ఆ పాప అంతే’ అన్నారు. నా మాటకు బలం చిక్కిందనుకొన్నాను.

ఐదారు నెలలు గడిచాయి. ఒకనాడు పిల్లలంతా పరుగుపందెం ఆడుతూ ఆమెను పిలిచారు. ఆ పాప నా వైపు చూచి, ‘నాకు రాదులే టీచరమ్మా, నాది మంద ప్రకృతి గదా’ అన్నది.

ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉన్నది. బిడ్డ కాలికి నేను సంకెల వేశాను. దానికి శాస్త్రమని పేరు పెట్టాను.

అప్పుడు గాని ఆమెను నేను సరిగా చూడలేదు. వెనుక నుండి పిలిస్తే పలకదు, ఎదుట నిలచి పిలిస్తే పలుకుతుంది. ఎడమ ప్రక్క నుండి మాట్లాడితే తల త్రిప్పుతుంది. తల్లితో చెప్పి తిరుపతిలో చెవుల వైద్యునకు చూపించాము. రెండు చెవులకూ వినికిడి తక్కువగా ఉన్నది, ఎడమవైపు మరింత ఎక్కువ. ఆ పాప పాటను విని కోలాటం ఆడడం లేదు. ఇతరుల కర్రలను చూచి, ఏ దరువు వచ్చిందో ఊహించి ఆడుతున్నది. అర క్షణం ఆలస్యం ఆ చూపు తిరిగి రావడానికి పట్టే కాలం. అది మందగతి కాదు. భరతముని చెప్పిన, చీకటిలో దారి తడుముకొనే గతి. ఆ అధ్యాయంలో మొదటి భాగం చదివి చివరి భాగం మరచిన పంతులమ్మను నేను.

తరువాత ఆమెను డోలు ప్రక్కన నిలబెట్టాము. చెప్పులు లేని పాదాలకు నేల అదురు తెలిసేది. వినికిడి యంత్రం కూడ వచ్చింది. ఆమె గొప్ప నర్తకి కాలేదు. ఇది అద్భుతాల కథ కాదు. కాని దరువు అందుకొన్నది. ముందు వరుసకు వచ్చింది. అందరికన్న వేగంగా తిరిగేది ఆమెయే అని తెలియడానికి నాకు రెండు నెలలు కూడ పట్టలేదు. ఆమె తల్లికి నేను క్షమాపణ చెప్పుకొన్నాను. పాపకు కూడ చెప్పుకొన్నాను. ‘ఏమిటికి టీచరమ్మా?’ అని అడిగింది.

చికిత్స చేసే పని ఏది?

ఈ అనుభవం తరువాత నాకు ఒకటి స్పష్టమైంది. ‘నీవు ఈ జాతి మనిషివి’ అని పేరు పెట్టడం నృత్య చికిత్స పని కాదు. ‘నీకు ఈ కదలిక అలవాటు, ఇంకొకటి కూడ నీకు సాధ్యమే’ అని చూపడం దాని పని. అలవాటైన కదలికను మొదట గౌరవించాలి. గబగబ కదిలేవారిని మొదటనే ‘ఆగు’ అనరాదు. వారి వేగంతో కలసి కొంతసేపు ఆడి, మెల్లమెల్లగా దరువును తగ్గించాలి. బిగిసి ఉన్నవారిని ‘వదులు’ అని ఆజ్ఞాపిస్తే ఇంకా బిగిసిపోతారు. ముందు గట్టిగా త్రొక్కనివ్వాలి, కర్రలు బలంగా తగలనివ్వాలి. ఆ తరువాత భుజాలు వాటంతట అవే దిగుతాయి. ముడుచుకొని ఉన్నవారికి చేతులు చాచమని చెప్పడానికి బదులు, దూరంగా ఉన్న జోడి కర్రను అందుకొనే ఆట ఇవ్వాలి. చేయి దానంతట అదే చాపుకొంటుంది.

భావానికీ, కదలికకూ ఉన్న దారి రెండు వైపులా సాగుతుంది. 2009లో జర్మనీ పరిశోధకులు దిగులు వ్యాధితో బాధపడేవారి నడకను కొలిచారు. వేగం తక్కువ, చేతుల ఊపు తక్కువ, వెన్ను వంగి ఉంటుంది. 2015లో అదే బృందం ఆరోగ్యవంతులను సంతోషపు నడకతోనో, విచారపు నడకతోనో నడిపించి, వారికి చూపిన మాటలలో ఏవి గుర్తున్నవో అడిగింది. విచారపు నడక నడిచినవారికి విచారపు మాటలు ఎక్కువగా గుర్తున్నాయి. మనస్సు కాళ్ళను నడిపినట్లే, కాళ్ళు కూడ మనస్సును కొంత నడుపుతాయి.

రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయన భార్య పోయిన తరువాత కాళ్ళీడ్చుకొంటూ నడిచేవారు. ‘ఆయనకు వయస్సు మీదపడింది’ అని ఊరు తీర్మానించింది. ఈసారి నేను ఏ తీర్మానమూ చేయలేదు. చెక్కభజన బృందంలోనివారు ఆయనను పిలుచుకొనిపోయారు. చెక్కభజనలో వాయించే చేయీ, వేసే అడుగూ ఒక్కటిగా ఉండాలి. ప్రక్కవాని భుజం కదిలితే మన భుజం కదలాలి. మొదటి పక్షం ఆయన గట్టు మీద కూర్చొని చూచారు. తరువాత చెక్కలు పట్టారు. ఒక శనివారం ఆడుతూ ఆడుతూ ఏడ్చారు. ఎవరూ ఆపలేదు, అడుగు కూడ ఆగలేదు. నేడు ఆయన నడకలో పూర్వపు ఊపు పూర్తిగా రాలేదు. దుఃఖం పోలేదు. కాని కాళ్ళీడ్చడం పోయింది.

ఇక్కడ హెచ్చరిక కూడ అవసరం. నృత్యంతో, నృత్య చికిత్సతో జరిగిన 41 అధ్యయనాలను 2019లో ఒకచోట చేర్చి చూచినవారు దిగులు, ఆందోళన తగ్గుతున్నవనీ, జీవన నాణ్యత పెరుగుతున్నదనీ తేల్చారు. 2015లో కఠినమైన ప్రమాణాలతో దిగులు వ్యాధి ఒక్కదానినే పరిశీలించినవారికి మాత్రం 3 అధ్యయనాలు, 147 మంది మాత్రమే దొరికారు. అంతమాత్రం చేత గట్టిగా చెప్పలేమన్నారు. కాబట్టి ఇది మందుకు తోడు గాని మందుకు బదులు కాదు. నిద్ర పట్టక, అన్నం సయించక, బ్రతుకు మీద విసుగు పుట్టినవారిని మొదట వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగియే ఆడవలెను. చెప్పిన మాట చెవిన పడని బిడ్డను ‘మొద్దు’ అనక ముందు ఒకసారి చెవులు చూపించండి.

దేవుని సన్నిధిలో నడక

గుడిలో మనం చేసే పనులను ఈ దృష్టితో ఒకసారి చూడండి. నిండు గర్భిణి తలపై నూనె కుండతో నడిచినట్లు ప్రదక్షిణం చేయాలని పెద్దలు చెబుతారు. వాత ప్రకృతి వారికైనా, ఉద్యోగపు హడావిడి నుండి పరుగెత్తుకొని వచ్చినవారికైనా అక్కడ ఒకటే గతి. కాణిపాకంలో వినాయకుని ఎదుట గుంజిళ్ళు తీసేటప్పుడు హోదా గలవాడూ వంగాలి. సాష్టాంగంలో బిగిసిన వెన్ను నేలకు తగలాలి. కోలాటంలో సిగ్గరి కూడ చేయి చాచాలి. మన నైజం ఏదైనా, దానికి అలవాటు లేని కదలికను ఒక్కదానినైనా గుడి మనచేత చేయిస్తుంది.

శ్రీరంగంలో నంపెరుమాళ్ళు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు మోసేవారు స్వామిని సింహగతిలో నడిపిస్తారు, సర్పగతిలో నడిపిస్తారు. స్వామి ఒక్కడే, గతులు అనేకం. ఏ ఒక్క గతీ ఆయనను బంధించదు. ఆయన బిడ్డలమైన మనకు మాత్రం ఒక్క గతే ఎందుకుండాలి?

భగవద్గీత రెండవ అధ్యాయంలో అర్జునుడు ఒక విచిత్రమైన ప్రశ్న వేస్తాడు. స్థితప్రజ్ఞుడు ఎట్లు మాట్లాడతాడు, ఎట్లు కూర్చుంటాడు, ఎట్లు నడుస్తాడు అని. మనలాగే అర్జునుడు కూడ నడకను చూచి మనిషిని గుర్తుపట్టాలనుకొన్నాడు. శ్రీకృష్ణుడు అడుగుల కొలత చెప్పలేదు. కోరికలను విడిచినవాడనీ, దుఃఖంలో చలించనివాడనీ, తాబేలు అవయవాలను లోనికి తీసుకొన్నట్లు ఇంద్రియాలను మరలించగలవాడనీ లోపలి సంగతి చెప్పాడు. నడకను అడిగితే లోపలిని చూడమన్నాడు. నాకు ఇది ఆలస్యంగా అర్థమైంది.

మన భజన మందిరానికి డోలు, కోలాటం కర్రలు కొనిచ్చిన దాతలకు ఈ వ్యాసం ద్వారా ఒక మాట విన్నవించుకొంటున్నాను. మీరిచ్చిన డోలు అదురు ఒక బిడ్డ పాదాలకు పాటను వినిపించింది. యాత్రికులకు ఒక మనవి. ఈ మారు క్యూలో మీ ముందు ఒకరు మెల్లగా నడుస్తుంటే విసుగుకొనక ముందు ఆలోచించండి. అది వారి నైజం కావచ్చు, దుఃఖం కావచ్చు, మోకాలు కావచ్చు. మూడింటిలో ఏదో స్వామికి తెలుసు. మనకు తెలియదు. తెలియనప్పుడు వారి అడుగుకు మన అడుగు కలిపి నడవడమే మంచిది.

సర్వులకూ శుభమగు గాక.